పాత ఫైలే ఉంచమన్నాను

నరసరావుపేటలో ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. ఒక ఆదివారం సర్వర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తుంటే, అది మధ్యలో ఆగి అడిగింది: లాగిన్లను సరిచూసే ఫైలు పాతదే ఉంచాలా, కొత్తది పెట్టాలా? ఆ పాత ఫైలు నేను స్వయంగా రాసుకున్నది. పొగరుకొద్దీ పాతదే ఉంచమన్నాను.

సోమవారం పొద్దున్నే ఎవరి పాస్‌వర్డూ పనిచేయలేదు. నాదీ అంతే. రిపోర్టులన్నీ కంప్యూటర్ లోపల, వినుకొండ నుంచి తొలి బస్సుకు వచ్చిన పేషెంట్లు బయట. "జరుగు, నేను కొడతా" అంటూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ పాస్‌వర్డు కొట్టారు. కొట్టినవాళ్ల ఖాతాలన్నీ లాక్ అయిపోయాయి. ల్యాబ్‌లో పనిచేసే అక్క పాస్‌వర్డును అరచేతిలో రాసుకొచ్చి మరీ కొట్టింది.

"ఏందమ్మా, నీ పాస్‌వర్డు కూడా నీకు గుర్తుండదా? అంతా నీవల్లే!" అని అప్పుడే వచ్చిన పెద్ద డాక్టరు అందరి ముందూ ఆమె మీద విరుచుకుపడ్డాడు.

పాస్‌వర్డు అడగని రికవరీ మోడ్‌లోకి వెళ్లి చూశాను. కొత్త సిస్టమ్‌లో తీసేసిన ఒక చిన్న ప్రోగ్రాం కోసం నా ఫైలు ఇంకా వెతుకుతోంది. అంటే సరైన పాస్‌వర్డు కొట్టినా తప్పనే చూపిస్తుంది. ఎవరికీ చెప్పకుండా నా ఫైలు తీసేసి కొత్తది పెట్టాను, లాక్ అయిన ఖాతాలు తెరిచాను. లాగిన్లు తిరిగొచ్చాయి.

అక్క నా దగ్గరికొచ్చింది. ఏడ్చినట్టుంది.

"తమ్ముడూ, నేనే ఏదో తప్పు కొట్టి పాడుచేసినట్టున్నా. నిన్ను చానా ఇబ్బంది పెట్టా," అంది, అరచేతిని తెల్లకోటుకు తుడుచుకుంటూ.

"పర్లేదులే అక్కా," అన్నాను.