ఊటగెడ్డకు రెండో పూత

ఎదురు అపార్ట్‌మెంట్ల గేటుకు పొద్దున్నుంచీ రంగు వేస్తున్నారు. ఆయిల్ పెయింటు వాసన మా బడి వరండా దాకా వస్తోంది. నాకు ఒళ్లు మండిపోతోంది. అది సలోమి టీచరమ్మగారి చేతుల వాసన. ఆవిడ ఏ గెడ్డ కోసం కొట్లాడి ఓడిపోయారో, దాన్ని పూడ్చి కట్టిన మేడలకు ఈవేళ ముస్తాబు జరుగుతోంది.

గోదావరి జిల్లా నుంచి నేను ఈ చర్చి విచారణ బడికి టీచరుగా వచ్చినప్పుడు మధురవాడ ఇటు పెరగలేదు. చర్చి, బడి, సమాధుల తోట, చుట్టూ మెట్టలు, వాటి మధ్య గెడ్డలు. వాగును ఇక్కడ గెడ్డ అంటారు, చిన్న కొండను మెట్ట అంటారు. అప్పటికే తల నెరిసిన టీచరమ్మగారు సెలవు రోజున నన్ను వెంటబెట్టుకుని తిరిగేవారు. ప్రతి మెట్టకూ గెడ్డకూ పేరు కనుక్కుని, అక్కడే రాతి మీద ఎర్ర రంగుతో రాయడం ఆవిడ పెట్టుకున్న పని. పోర్టులో పనిచేసే ఆవిడ తమ్ముడు రంగు డబ్బాలు తెచ్చిచ్చేవాడు.

పేరు ఎవరింట్లోనూ అడగనిచ్చేవారు కాదు. "ఇంట్లో కూకుని అడిగితే నోటికొచ్చింది సెప్తారు. గెడ్డలో కాలెట్టినోల్నే అడగాల," అనేవారు. కట్టెలకు వచ్చిన ఆడవాళ్లు ఆ చోటునే నిలబడి చెబితే తప్ప బ్రష్షు ముంచేవారు కాదు. నా అక్షరం వంకర పోతే చీవాట్లు తప్పేవి కావు.

తరవాత కొత్త ఫాదరు వచ్చారు. మంచాయనే, భక్తి ఎక్కువ. జోగి మెట్ట మీద శిలువ నాటించి దానికి కార్మెల్ కొండ అనీ, దాని కింద పారే ఊటగెడ్డకు యొర్దాను అనీ బైబిల్ పేర్లు పెట్టారు. జనం మురిసిపోయారు. ప్రదక్షిణ రోజుకని యూత్ పిల్లలు ఎర్ర అక్షరాల మీద తెల్ల పెయింటు కొట్టేశారు. పూజ అయ్యాక టీచరమ్మగారు గుడి ముందే ఫాదర్ని నిలదీశారు.

"మన ముత్తాతలు మేకలు కాసిన కొండ ఇది ఫాదర్. దానికి మనవే కొత్త పేరెట్టుకుంటే రేపు మనల్నే కొత్తోలంటారు."

ముసలావిడకు భక్తి తగ్గిందని నవ్వుకున్నారు. ఆ నవ్వులు తలచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను.

కొన్నేళ్లకు ఊటగెడ్డను పూడ్చి లేఅవుట్ వేస్తున్నారని తెలిసింది. అది పూడితే వాన నీళ్లన్నీ సమాధుల తోట మీదికే వస్తాయి. అందరూ కలిసి అర్జీ పెట్టారు, యొర్దాను గెడ్డను కాపాడమని. నోళ్లకు అదే అలవాటైపోయింది. వచ్చిన అధికారి, ఆ పేరుతో గెడ్డేదీ రికార్డులో లేదన్నాడు. అది ఊటగెడ్డ, ఆ పేరు ఉంటుంది చూడమన్నారు టీచరమ్మగారు. ఉందిగానీ ఇదే అదని ఏమిటి రుజువన్నాడు. ఆవిడ అందరినీ రాయి దగ్గరికి తీసుకెళ్లారు. రాయి తెల్లగా ఉంది. గోళ్లతో గీకారు, అక్షరం తేలలేదు. మీరంతా సంతకం పెట్టిన పేరొకటి, ఇప్పుడు చెప్పేదొకటి అని అధికారి జీపెక్కాడు. అతనికి కావలసింది ఒక వంక. దాన్ని మావాళ్లే చేతికిచ్చారు. ఫాదరు తల దించుకున్నారు. ఏం లాభం?

నాకు ఏడుపొచ్చింది. దారిలో టీచరమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఏడిసేస్తే కోపం కారిపోద్ది. అట్టే పెట్టుకో, పనికొస్తాది."

కిందటేడు ఆవిడ పోయారు. ఈ వానలకు సమాధుల తోటలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. ఆవిడ సమాధి కూడా మునిగింది.

ఇప్పుడు బడికి నేనే హెడ్మిస్ట్రెస్‌ని. మధ్యాహ్నం ఎర్ర పెయింటు తెప్పించి, ఆ గేటుకు ఎదురుగా ఉన్న మా గోడ మీద మనిషెత్తు అక్షరాలతో ఊటగెడ్డ అని రాశాను. అపార్ట్‌మెంట్ సెక్రటరీ పరుగున వచ్చాడు. గెడ్డ అని కనిపిస్తే మిగిలిన ఫ్లాట్లు ఎవరు కొంటారు మేడమ్, తీసేయించండి అన్నాడు.

"ఈ సోటు పేరది బాబూ," అన్నాను. ఇన్నేళ్లలో ఆవిడ యాస నా నోట రావడం అదే మొదలు.

నేను స్టూలెక్కి రెండో పూత మొదలుపెట్టాను.