నేను దిద్దిన చిలక

నా నుదుటి మీద మూడు కుట్ల మచ్చ ఉంది. అది ఎలా పడిందో ఆరేళ్లుగా పెళ్లిళ్లలో, స్టాఫ్ రూంలో చెప్పి అందరినీ నవ్వించాను. "మా ఆవిడ డస్టర్ విసిరింది, గురి తప్పలేదు" అనేవాణ్ని. ఆ మాటలో అబద్ధం లేదు. కాని ఆమె డస్టర్ అందుకునే ముందు నేనేం చేశానో ఎవరికీ చెప్పలేదు. అంతకు కొన్ని వారాల ముందు ఏం చేశానో ఆమెకు కూడా చెప్పలేదు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతాను. ఆమెది పోచంపల్లి నేత కుటుంబం. ఎల్బీనగర్‌లో మా ఇంటి ముందు గదిలో కూర్చుని గళ్ల కాగితం మీద చీరల డిజైన్లు గీస్తుంది. ఆ గళ్లు చూసుకుంటూ ఊళ్లో వాళ్ల చిన్నాయన నూలుకు రబ్బరు ముక్కలు కట్టి రంగులో ముంచేవాడు. కట్టిన చోట రంగు ఎక్కదు. నేసేటప్పుడు ఆ మచ్చలన్నీ కలిసి బొమ్మవుతాయి. గడి తప్పితే బొమ్మ తప్పుతుంది.

పెళ్లిచూపుల్లో ఆమె నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది:

"పిల్లలని కొడ్తరంట గదా?"

"చాక్‌పీస్‌తోనే. నిద్రపోతే."

"గురి ఎట్లుంటది?"

"ఆఖరి బెంచీ దాకా పోతది."

"నాది గూడ మంచిగనే ఉంటది" అంది. పెద్దవాళ్లు గతుక్కుమన్నారు. నేను ఆ ఒక్క మాటకే పెళ్లి చేసుకున్నాను.

నాకు అన్నీ గంట కొట్టినట్టు జరగాలి. ఆమెకు గీత కుదిరేదాకా కుక్కర్ కూత కూడా వినపడదు. అన్నం మాడితే గిన్నె తీసి సింకులోకి విసిరేవాణ్ని. ఆమె నా టైంటేబుల్‌ను నాలుగు ముక్కలు చేసి నా టిఫిన్ డబ్బాలోనే పెట్టేది. ఒకసారి నేను బాల్కనీలోంచి పారేసిన రంగు సీసా పడి కింది వాళ్ల స్కూటీ సీటు నీలంగా మారింది. ఆ ఇంటావిడ మెట్ల దగ్గర ఎదురైతే పలకరింపుగా "ఇయ్యాల ఎవరు గెలిసిన్రు?" అనేది. సాయంత్రానికి ఇద్దరం ఒకే పొట్లంలో మిర్చిబజ్జీలు తినేవాళ్లం. నేను మిరపకాయ తీసేసి తింటానని ఆమె వెక్కిరించేది. అలా ఉండేది మా కాపురం.

దిల్‌సుఖ్‌నగర్‌లోనే ఒక చీరల దుకాణం వాళ్లు పెళ్లిళ్ల సీజన్‌కు చిలకల చీరలు కావాలన్నారు. ఆమె సొంత పేరు మీద వచ్చిన మొదటి పని అది. అదే వారం సెంటర్లో నా దగ్గరున్న మంచి బ్యాచ్‌ను కుర్ర లెక్చరర్‌కు ఇచ్చేశారు. ఆమె స్నానానికి వెళ్లినప్పుడు బల్ల మీద ఆ గళ్ల కాగితం కనపడింది. కుడివైపు చిలక ఎడమవైపు చిలకతో సరిపోవడం లేదు, రెండు గళ్లు పక్కకు జరిగి ఉంది. పరీక్ష పేపర్లో తప్పు దొరికినంత సంతోషం కలిగింది. రబ్బరుతో తుడిచి, జరిపి, సమానం చేశాను. చీర వచ్చాక "నీ తప్పు నేనే దిద్దిన" అని చెప్పి మురిసిపోదామనుకున్నాను.

అంచు దగ్గర నూలు మళ్లేటప్పుడు కొంచెం జరుగుతుందని ఆ రెండు గళ్లను ఆమె కావాలనే వదిలింది. నాకేం తెలుసు? ఆమె కాగితాన్ని మళ్లీ చూడకుండానే చుట్టి ఊరికి పంపింది.

మొదటి చీరలో చిలకల ముక్కులు ఒకచోట, తలలు ఒకచోట వచ్చాయి. దుకాణం వాళ్లు వద్దన్నారు. ఆమె చిన్నాయనకు ఫోన్ చేసింది. అవతలి మాట కూడా నాకు వినపడుతూనే ఉంది.

"ఏం కట్టినవ్ చిన్నాయనా గిది? కండ్లు కనపడ్తలేవా?"

"నువ్వు గీసినట్టే కట్టిన బిడ్డా."

"నేను గిట్ల గియ్యలే!"

నేను పక్కనే కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటున్నాను. కట్టి, విప్పి, మళ్లీ కట్టాను.

ఆ పెద్దాయన కాగితాన్ని తిరిగి పంపించాడు. ఆదివారం పొద్దున ఆమె దాన్ని బల్ల మీద పరిచింది, తర్వాత కిటికీ వైపు ఎత్తబోయింది. వెలుతురు పడితే తుడిచిన చోటు తెలిసిపోతుంది. నేను లాక్కున్నాను. ఆమె వదల్లేదు.

"ఇడువు!"

"నువ్వే ఇడువు! నా కాయితం అది!"

ఆమె కుడి మణికట్టు పట్టుకుని మెలిపెట్టాను. చాక్‌పీస్ విరిగినట్టు చప్పుడైంది. ఆమె నా సంచీలోంచి చెక్క డస్టర్ తీసి ఎడమ చేత్తో విసిరింది. రక్తం కళ్లలోకి కారుతున్నా నేను ముందు చేసిన పని ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం.

దవాఖానలో కుట్లు వేస్తూ డాక్టర్ ఏమైందని అడిగితే ఆ కథ మొదటిసారి చెప్పాను. నర్సు నవ్వింది. మా ఆవిడ కుడిచెయ్యి కొంగు కింద దాచుకుని పక్కనే నిలబడింది. మర్నాడు ఒక్కతే సైదాబాద్‌లో వేరే దవాఖానకు వెళ్లి, బాత్రూంలో జారిపడ్డానని చెప్పి కట్టు వేయించుకుంది. రెండు నెలలు పెన్సిల్ పట్టలేదు. ఎందుకు లాక్కున్నావంటే ఆదివారం కూడా ఆ చీర గొడవేనా అని విసుగొచ్చిందన్నాను. కాగితం ఏదని అడిగితే రక్తమైంది, పారేశానన్నాను. సరిచూసుకోవడానికి కాగితం లేక, తన కళ్లే పోయాయనుకుని చిన్నాయన కట్టే పని మానేశాడు. ఆయనకూ ఆమెకూ మధ్య మాటలు ఆగిపోయాయి.

ఈమధ్య బంధువుల పిల్ల నిశ్చితార్థంలో ఎవరో "బావా, డస్టర్ కథ చెప్పు" అన్నారు. చిన్నాయన వెనక వరసలో ఉన్నాడు.

"ఆ లొల్లికి మూలం చీర చెడగొట్టిన నా కండ్లే బిడ్డా" అని ఆయనే నవ్వాడు.

ఆమె తింటున్న ప్లేటు కింద పెట్టేసింది. నేను కథ మొదలుపెట్టాను, ఈసారి కాగితం దగ్గర నుంచి. తుడిచింది నేనేనన్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "కొత్తది కలిపిండు సారు!" అని ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఆరేళ్లు నవ్వించినవాడి మాట ఎవరు నమ్ముతారు? ఆమె మాత్రం నా వైపే చూస్తోంది. చిన్నాయన లేచి దగ్గరికి వచ్చాడు.

"ఆ కాయితం ఉన్నదా అల్లుడూ?"

ఉంది, నా పాత లెక్కల పుస్తకంలో. మర్నాడు పొద్దున ఆమెను తీసుకుని పోచంపల్లి వెళ్లాను. పెద్దాయన వాకిట్లో నిలబడి కాగితాన్ని ఎండకు ఎత్తిపట్టాడు. అద్దాలు పెట్టుకోలేదు. గోటితో గళ్లు లెక్కపెట్టి ఒకచోట ఆగాడు.

"గీడ తుడిసిన్రు. గిది మా బిడ్డ చెయ్యి కాదు."

అని తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"చెయ్యి సంగతి గూడ చెప్పు" అంది ఆమె, నన్ను చూడకుండా. "ఆయనకు తెల్వది."

"ఇది దాచేటందుకు మీ బిడ్డ చెయ్యి నేనే ఇరిసిన మామా. బాత్రూంల పడలే. మీ కండ్లకు ఏం కాలే, నా నోరు లేవలే." తర్వాత ఆమె వైపు తిరిగాను. "నువ్వు కొట్టినవని లోకమంత చెప్పుకున్న. నేను ముందుగాల నీ పనిని కొట్టిన, తర్వాత నీ చెయ్యిని. తప్పు నాది. మాఫ్ చెయ్యి."