ఇంజన్ రోగాన్ని చెవితోని పట్టిన మా అత్త

మా చిన్నప్పుడు... కాలువకు నీళ్ళొచ్చినయంటె మా ఇంట్ల ఎవ్వరికి నిద్ర పట్టకపోయేది. మాది మిర్యాలగూడ దిక్కు, సాగర్ కాలువకు చివరి ఊరు. పై ఊర్లు తాగంగ మిగిలిందే మాకు. అండ్ల మా మడి కాలువ కన్న ఎత్తుల ఉండె... ఇంజన్ పెట్టి ఎక్కిస్తెనే నీళ్ళు.

అది చిన్న పెట్రోల్ ఇంజన్. తాడు సుట్టి గుంజితె లేసేది. మా నాయిన దాన్ని పసిపిల్ల లెక్క సూసుకునేటోడు. వానొస్తె తను తడుసుకుంట గొంగడి దానికి కప్పేటోడు.

నేను ఆరో తరగతిల ఉన్న ఏడు... వరి పొట్టకొచ్చింది. నీళ్ళు ఇంక రెండు దినాలే, తర్వాత కాలువ బంద్ అని చాటింపేసిండ్రు. గప్పుడే ఇంజన్ కారుడు మొదలువెట్టింది. కార్బొరేటర్ కింద సన్న పైపు ఉంటది సూడుండ్రి... అండ్లకెల్లి సుక్కలు సుక్కలుగ పెట్రోల్.

మా నాయిన ఏం చేసిండు... బట్టల సబ్బు ముక్క నలిపి ఆ పైపు మూతికి గట్టిగ కుక్కిండు. మా దిక్కు ట్యాంకి కారినా, డబ్బా కారినా అందరు చేసేది గదే. పెట్రోల్‌కు సబ్బు కరగదు. "ఇగ ఖతం, కారదు" అని మీసం దువ్విండు. నేను గూడ మా నాయిన అంత తెలివి ఎవ్వరికి లేదనుకున్న.

అర్ధగంట నడిచి, నల్లపొగ ఇడిసి, ఆగిపాయె. మల్ల తాడు గుంజితె లేవలే. గుంజి గుంజి నాయిన అరచేతులు బొబ్బలెక్కినయ్. మెకానిక్‌ను టౌన్ నుంచి తోలుకొచ్చేసరికి ఒక దినం పోతది. పొట్ట మీదున్న వరికి తడి అందకపోతె మిగిలేది తాలే... మా ఏడాది తిండి గింజలు అవి. అమ్మ గట్టు మీద కూసొని మడి దిక్కే సూస్తుంది. నాకు మస్తు భయమైంది.

గా టైంలనే మా యాదమ్మ అత్త వచ్చింది. మా నాయినకు అక్క, పక్క ఊరే. బర్రె ఈనిందని జున్నుపాలు తెచ్చింది. మామ పోయినంక గొర్లు, ఎవుసం, తన ఇంజన్... అన్ని ఒక్కతే సూసుకునేది. సంతకం గూడ రాదు.

పాలగిన్నె గట్టు మీద పెట్టి ఇంజన్ సుట్టు తిరిగింది. సబ్బు కండ్ల పడ్డది.

"ఎవలు పెట్టిండ్రిది?"

నాయిన అటు దిక్కు సూసిండు.

"గొర్రెకు ముక్కు కారుతుందని ముక్కు మూస్తవార తమ్మీ... లోపల ఏదో అయిందని అది చెప్పవట్టె, నువ్వు దాని నోరు మూసినవ్."

ఎక్కువైన పెట్రోల్ బయటికి పోయే పైపట అది... దాన్ని మూసేసరికి పెట్రోల్ ఎటు పోవాలె తెల్వక ఇంజన్ లోపలికే పోయిందట. నాయిన తల గోక్కున్నడు.

అత్త పెట్రోల్ కట్టేసి కార్బొరేటర్ కింది గిన్నె ఇప్పింది. అండ్ల ఫ్లోటు ఉంటది... పెట్రోల్ మీద తేలే చిన్న ఇత్తడి డబ్బీ. అది తేలి పైకొస్తె పెట్రోల్ వచ్చే దారి మూసుకుంటది. అత్త దాన్ని కొంగుతోని తుడిచి, చెవి కాడ పెట్టుకొని, కొబ్బరికాయ ఊపినట్టు ఊపింది.

"లోపల పెట్రోల్ చేరింది. ఇదే మునిగినంక ఇగ దారేం మూస్తది?"

ఇంటికొచ్చి, కాగిన నీళ్ళు పొయ్యికి దూరంగ వాకిట్ల పెట్టిచ్చి, ఫ్లోటు ముంచింది. లోపలి పెట్రోల్ వేడికి ఆవిరై ఒక్క అంచు నుంచి సన్న బుడగలు లేసినయ్... సూదిమొన అంత చిల్లి. మెకానిక్‌లు కొత్తది అమ్మి పంపిస్తరు గని గిట్ల ఎవలు ఎతుకుతరు చెప్పుండ్రి. బుడగలు ఆగేదాంక ఉంచి, ఎండల పెట్టి, మల్లమల్ల వాసన సూసింది. పెట్రోల్ వాసన పూర్తిగ పోయినంకనే బిందెల చిల్లులకు మాట్లేసే సాయిలు తాత దగ్గరికి తీస్కపోయింది.

"సీసం జర్రంత పెట్టు కాకా. ఎక్కువైతె బరువుకు మునుగుతది."

తాత నువ్వుగింజంత మాటు ఏసిండు. అత్త మల్ల మడి కాడికొచ్చి ఫ్లోటు బిగిచ్చి, సబ్బు పీకేసి, పైపు ఊది, ప్లగ్గు ఇప్పి లోపలి పెట్రోల్ అంత కక్కిచ్చి, పల్చవడ్డ ఆయిల్ మార్చింది. అన్ని తనే చేసింది... తాడు మాత్రం "నువ్వు గుంజు తమ్మీ" అన్నది. రెండో గుంజుకే లేసింది. ఒక్క సుక్క కారలే. పొద్దుగూకేసరికి మడి నిండింది. ఆ ఏడు కొత్త బియ్యం మొదటి మూట నాయిన నెత్తి మీద పెట్టుకొని నడుసుకుంట అత్త ఇంటికి ఇచ్చొచ్చిండు.

ఇప్పుడు కరెంటు మోటర్లొచ్చినయ్. ఏది చెడిపోయినా "కొత్తది ఏస్కోండ్రి" అంటరు, ఇప్పి సూసే ఓపిక ఎవలకుంది... మీ ఇండ్లల్ల గిట్ల చెవితోని, చేతితోని రోగం పట్టేటోళ్ళు ఉంటె కింద రాయుండ్రి, కూసొని సదువుకుంట.

మొన్న ఊరికి పోతె కొట్టంల ఆ ఇంజన్ కనవడ్డది. ఫ్లోటు తీసి, పక్క ఊరికి పోయి అత్త చేతిల పెట్టిన. కొంగుతోని తుడిచి, చెవి కాడ పెట్టుకొని ఊపింది. మల్ల ఊపింది. "నాకు చెవులు ఇనవడ్తలేవు బిడ్డా... నువ్వు ఇని చెప్పు" అని నా చెవి కాడ పెట్టింది.

"ఏం చప్పుడు లేదత్తా."

"అయితె మాటు ఇంక గట్టిగనే ఉన్నట్టు" అని నవ్వింది... నాకే ఏడుపొచ్చింది.