వచ్చే ఏడాది పథకం

మా బాబాయికి నచ్చిన సోలార్ పథకాన్ని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ పెట్టలేకపోయింది. ఉన్న పథకంలో ఆయనకు లోపాలు తప్ప కనిపించవు. రాబోయే పథకంలో సుగుణాలు తప్ప కనిపించవు.

"వీధిలో అందరి డాబాల మీదా సోలార్ పలకలు మెరుస్తున్నాయి. మన డాబా మీద మీ బనియన్లు మెరుస్తున్నాయి," అనేది పిన్ని.

"తొందరపడకే. ఈసారి బ్యాటరీకి రాయితీ తక్కువ. వచ్చే ఏడాది చూద్దువుగాని."

"పోయినేడాదీ వచ్చే ఏడాదే అన్నారు."

"అది పోయినేడాదికి వచ్చే ఏడాది. ఇది ఈ ఏడాదికి వచ్చే ఏడాది. రెండూ ఒకటెలా అవుతాయి?"

ఇంతటి తర్కం విన్నాక పిన్ని బనియన్లు తీయడానికి మెట్లెక్కేది.

తనకు నచ్చని పథకాన్ని ఊరందరికీ అంటగట్టడంలో మాత్రం బాబాయికి ఎలాంటి అభ్యంతరమూ లేదు. రిటైరైన డ్రాయింగు మాస్టారు కావడంతో, ఎవరు దరఖాస్తు పెట్టినా డాబా పటం ఆయనే గీసిచ్చేవాడు. ఆఫీసువాళ్లు అడిగేది నాలుగు గీతల పటం. బాబాయి ఇచ్చేది రంగుల చిత్రం. అందులో పిట్టగోడ మీద కాకి కూడా ఉండేది.

"కాకి దేనికి బాబాయ్?"

"దాని నీడ పడదుట్రా?"

కిరాణా కొట్టాయన కరెంటు బిల్లు ముప్పై ఏళ్ల కిందట పోయిన తాతగారి పేరు మీదే వస్తోంది. బిల్లులో ఎవరి పేరుంటే వారే సంతకం పెట్టాలని నిబంధన. బాబాయి సాయంత్రమంతా ఆలోచించి రాశాడు: "వినియోగదారుడు శాశ్వతంగా వేరే చోట స్థిరపడినందున స్వయంగా రాలేకపోతున్నారు." కరెంటాఫీసులో మా పై అధికారి ఆ వాక్యం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, వారసుడి సంతకం చాలన్నాడు.

నేను ఆ కరెంటాఫీసులోనే గుమాస్తాని. సోలార్ ఫైళ్ల బల్ల దగ్గరికి ఈ ఏడాదే మార్చారు. మా వీధికి ఏటా పది ఇళ్లకే మంజూరు. ముందు వచ్చినవాళ్లకు ముందు. పదకొండో దరఖాస్తు ఈసారి టైలరమ్మది. వీధి చివర ఒంటి గదిలో జాకెట్లు కుట్టే ఆవిడ. వాళ్లమ్మకు ఊపిరి ఆడించే మిషను పెట్టారు. కరెంటు పోతే ఆ మిషనూ ఆగుతుంది, ఇద్దరూ ఆస్పత్రికి పరుగెత్తాలి. రాయితీ రాకపోతే బ్యాటరీ కొనే తాహతు ఆవిడకు లేదు. శుక్రవారంతో గడువు ముగుస్తుంది.

"పదిమందిలో ఒక్కరైనా తప్పుకోరా బాబూ?" అని టైలరమ్మ రోజూ కౌంటరు దగ్గరికి వచ్చేది.

"చేతికందిన రాయితీ ఎవరు వదులుకుంటారమ్మా?" అనేవాణ్ని, లోకం తెలిసినవాడిలా.

శుక్రవారం ఆఫీసు మూసే వేళకు ఉపసంహరణ పత్రం ఒకటి వచ్చింది. జాబితాలో మొదటి పేరువారిది; నేను ఈ బల్లకు రాకముందే తయారైన ఆ జాబితాలో పదకొండో పేరు తప్ప నేను చూసింది లేదు. కారణం అన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "పథకం నచ్చలేదు" అని ఉంది. పక్కన చిన్న కాకి బొమ్మ.

నచ్చని పథకానికి ఇన్నాళ్లూ చోటు ఆపుకుని కూర్చున్నాడా అని నాకు ఒళ్లు మండింది. మండుతూనే పాత ఫైళ్లు తీశాను. పోయినేడాది, అంతకుముందు ఏడాది, అదే వరస: మొదటిరోజు దరఖాస్తు, ఆఖరిరోజు ఉపసంహరణ. ఆ చోటు ఒకసారి రాత్రి డ్యూటీల నర్సమ్మకు వెళ్లింది, ఒకసారి సైకిలు రిపేరు కుంటి తాతకు.

పరుగెత్తుకెళ్లి నిలదీశాను. "ఏమిటి బాబాయ్ ఇది?"

"నోరు మెదిపావంటే చంపుతాను. టైలరమ్మకు తెలిస్తే నా దగ్గర కుట్టుకూలి పుచ్చుకోవడం మానేస్తుంది. సిగ్గుతో నేను వేరే టైలరును వెతుక్కోవాలి. ఈ భుజాలకు చొక్కా కుదిర్చేవాళ్లు ఇంకెవరున్నారురా?"

రహస్యం కడుపులో దాచుకునే గుణం మా వంశంలో బాబాయితోనే ఆగిపోయింది. ఆ సాయంత్రమే పిన్నికి చెప్పేశాను. పిన్ని మెట్లెక్కి ఆయన బనియన్లు తెచ్చి, ఒక్కొక్కటే ఇస్త్రీ చేసింది. నాకు తెలిసి అది మొదటిసారి.

రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం వీధంతా కరెంటు పోయింది. ఉక్క భరించలేక ముగ్గురం టైలరమ్మ ఇంటికి చేరాం. ఫ్యాను తిరుగుతోంది. మూల మంచం పక్కన మిషను గురగురలాడుతోంది.

"ఇదివరకు కరెంటు పోతే ఆటోలో ఊరంతా తిప్పేది మా అమ్మాయి. ఇప్పుడా ముచ్చటా లేదు," అని ముసలావిడ ఫిర్యాదు చేసింది.

టైలరమ్మ నవ్వుతూ మంచినీళ్లిచ్చి, "అందరికీ రాసిపెట్టారు, మీ ఇంటికేం పెట్టించుకోలేదేం అన్నయ్యగారూ?" అంది.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. పిన్ని ఆయనకు అవకాశమివ్వలేదు.

"మా డాబా కారుతోందమ్మా. అది బాగుచేయించందే పలకలు ఎక్కడ పెడతాం?"

బాబాయి కుర్చీలోంచి సగం లేచాడు.

"కారుతోందా! ఎక్కడే? నాతో ఒక్క మాట చెప్పవేం?"

పిన్ని ఆయన కాలు గట్టిగా తొక్కి, ఇంకో గ్లాసు మంచినీళ్లడిగింది.