ఖుష్ మహల్‌లో వెండి ఉయ్యాల

మా అమ్మ చూడని రాజుల కోట లేదని కాజీపేట రైల్వే కాలనీలో అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి అప్పటికి ఆమె ఏ ఒక్క కోట లోపలికీ అడుగు పెట్టలేదు.

బాపు రైల్వేలో ఫిట్టర్. మేము ముగ్గురమే. ఏటా వచ్చే ఉచిత రైలు పాస్‌ను పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ వాడుకునేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. "దేవుడు ఈడ లేడా? రాజుల ఇండ్లు ఈడున్నయా?" అనేవాడు. "ఎందుకు లేవు, కిలా వరంగల్ల ఖుష్ మహల్ లేదా?" అని అమ్మ అంటే నవ్వేవాడు. "అదేం మహల్? ఉట్టి గోడలు. లోపట పావురాలు తప్ప ఏం లేదు."

అందుకని మైసూరు పోయాం, గ్వాలియర్ పోయాం, జైపూర్ పోయాం. పొద్దున రైలు దిగి స్టేషన్లోనే మొహాలు కడుక్కుని, సంచులు మోసుకుని తిన్నగా మహల్‌కు. సాయంత్రానికి మళ్ళీ రైలు. లోపలికి నేనూ బాపూ వెళ్ళేవాళ్ళం. అమ్మ మాత్రం బయట తోటలో పాత దుప్పటి పరిచి, మా చెప్పులూ సంచులూ చుట్టూ పెట్టుకుని కూర్చునేది.

దానికో కారణం ఉంది. నేను పుట్టకముందు ఏదో ప్రయాణంలో పాస్ ఉన్న సంచి పోయిందట. పాస్ పోగొట్టుకుని డ్యూటీకి పోయిన మనిషి ఆఫీసులో ఎన్ని మాటలు పడాలో రైల్వే ఇళ్ళలో పుట్టినవాళ్ళకే తెలుసు. ఆ తర్వాత అమ్మ సంచిని ఎవరి చేతికీ ఇవ్వలేదు. క్లోక్ రూమ్‌ను అసలే నమ్మదు. జేబులో పెట్టుకుంటానని బాపు అంటే, "నీ జేబుల బీడీలే నిలువయి, పాస్ నిలుస్తదా?" అనేది. మేం చూసొచ్చాక నువ్వు పో అంటే, "బండికి టైమైతాంది, ఇంకెప్పుడన్న చూస్త" అనేది. బండికి ఇంకా బోలెడు టైముండేది.

తిరుగు ప్రయాణంలో రైలు కదలగానే పులిహోర డబ్బా విప్పి, "ఇగ చెప్పుండ్రి" అనేది. చెప్పేది బాపు. ఆయన చెప్పే మహల్ వేరు, నేను చూసిన మహల్ వేరు. మైసూరులో ఒక అద్దాల గది ఉందట, అందులో నిలబడితే ఒక్క మనిషి వంద మందిలా కనిపిస్తాడట. గ్వాలియర్‌లో రాణిగారి వెండి ఉయ్యాల ఉందట, ఎవరూ ఊపకపోయినా అదే ఊగుతుందట. నాకు అబద్ధమంటే ఒళ్ళు మండేది. "లేదు బాపూ, నేను చూడలే" అని నోరు తెరిచానో లేదో, బాపు సీటు కింద నా కాలు తొక్కేవాడు. అమ్మ మాత్రం కళ్ళు ఇంత చేసుకుని వినేది. మరునాడు నల్లా దగ్గర కాలనీ ఆడవాళ్ళకు అదే ఉయ్యాల గురించి చెప్పేది, దానికి ఇంకో నాలుగు వెండి గంటలు కట్టి మరీ.

బాపు రిటైరయ్యాక కాజీపేటలోనే చిన్న ఇల్లు కట్టుకున్నారు. నేను పెళ్ళై హసన్‌పర్తి వచ్చేశాను. ఈసారి మైసూరు పోయి అమ్మను లోపలికి తీసుకుపోవాలని బాపు అనుకుంటూనే ఉన్నాడు. ఆలోపే అమ్మ కిడ్నీలు చెడిపోయాయి. రోజు విడిచి రోజు డయాలసిస్. రైలు ప్రయాణం మాటే ఎత్తొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఆ మాట విన్న రోజు బాపు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని, "దానికి ఒక్క మహలన్న చూపియ్యలే" అన్నాడు. అంతకుముందు ఆయన కంట్లో నీళ్ళు నేను చూడలేదు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. మైసూరు పోలేకపోతే ఏం, ఖుష్ మహల్ ఉంది కదా అన్నాను. బాపు ముఖం చిన్నబోయింది. "అండ్ల ఏముందమ్మా చూపియ్యనీకి?"

అయినా చలికాలం ఎండలో, డయాలసిస్ లేని ఒక పొద్దున ఆటోలో బయలుదేరాం. కిలాలో, పాత కోట గోడల మధ్య ఉన్న ఊళ్ళో, బర్రెలు రోడ్డుకు అడ్డం వచ్చాయి, ఇంటి ముందు ఎవరో మిరపకాయలు ఆరబోస్తున్నారు. అమ్మ పాత సంచీ, పాత దుప్పటీ తెచ్చింది. వద్దన్నా పులిహోర చేసింది, అందులో తను తినగలిగేది మహా అయితే రెండు ముద్దలు. మహల్ ముందు పచ్చగడ్డి, కత్తిరించిన క్రోటన్లు, పక్కన బంతి మడులు. ఆటో దిగీ దిగగానే అమ్మ అలవాటు కొద్దీ దుప్పటి పరిచి, చెప్పులు విడిచి, సంచి పక్కన కూర్చుంది.

"పోయి చూసి రాండ్రి. నేనీడ ఉంట."

బాపు ఆమె చెయ్యి పట్టి లేపాడు. సూదులు గుచ్చి గుచ్చి ఉబ్బిన చెయ్యి కాదు, రెండోది. "ఇయ్యాల సంచి కాడ నేను కూసుంట. నువ్వు పోయి చూసి రాపో."

అమ్మ సంచిని చూసింది, బాపును చూసింది. "పండుకోకు మల్ల. జిప్పు చూసుకో" అంది. ఆ పులిహోర డబ్బా సంచిని ఎవరెత్తుకుపోతారే తల్లీ అనబోయి ఊరుకున్నాను.

లోపల బాపు చెప్పినట్టే ఉంది. ఎత్తయిన రాతి కమానులు, ఓ పక్కన చేర్చి పెట్టిన విరిగిన శిల్పాలు, నేల మధ్యలో ఎండిపోయిన చిన్న నీటి తొట్టి, పైన పావురాలు. అమ్మ చెప్పులు బయటే మరచిపోయి వట్టి కాళ్ళతో వచ్చింది. నెమ్మదిగా ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా నడిచింది. తొట్టి గట్టు మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంది.

"ఏం లేదు గదనే" అంది.

ఇన్నేళ్ళకు చూసిన మహల్ ఇదా అనిపించింది. ఏదో ఒకటి చెప్పి ఓదార్చాలని, "మైసూరుల మాత్రం..." అని మొదలుపెట్టాను. ఆమె చేత్తో ఆపింది.

"మీ బాపు చెప్పిన అద్దాల గది లేదని నాకు తెల్వదనుకున్నవా? లోపటికెళ్లి వచ్చినోళ్లంత నా పక్కకే కూసోని మాట్లాడుకుంటుండిరి. ఒక్కలన్న అద్దాల గది అనలే. గ్వాలియర్ల ఉయ్యాల ముచ్చట ఎవలూ తియ్యలే."

"మరి ఊకెందుకున్నవే ఇన్నేండ్లు?"

"చెప్పేటప్పుడు ఆయన మొఖం చూసినవా ఎప్పుడన్న?" అంది అమ్మ. "నన్ను బయట కూసోబెట్టిన్నని ఫికర్. నాకు తక్కువైందని ఇంకింత కలిపి చెప్తుండె. ఆ మొఖం చూసినంక లేదని ఎట్లంటనే?"

లేచి నా భుజం పట్టుకుంది. "నువ్వు నోరు మూసుకోని ఉండు" అని హెచ్చరించి బయటికి నడిచింది.

బాపు దుప్పటి మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. సంచి ఒళ్ళో ఉంది. అమ్మ చెప్పులు ఎండకు కాలకుండా తన తువ్వాల కింద పెట్టాడు. మమ్మల్ని చూసి లేవబోయాడు. అమ్మ ఆయన పక్కన కూలబడి, డబ్బా మూత తీసి ఆయన ముందు పెట్టింది.

"ఏమున్నయే లోపట?" అన్నాడు బాపు, ఆమె ముఖం చూడకుండా.

"ఏమున్నయని మెల్లగ అడుగుతానవ్? అన్ని ఉన్నయి. నువ్వు గ్వాలియర్ల చూసిన వెండి ఉయ్యాల ఈడికే తెచ్చి పెట్టిండ్రు. ఎవలు ఊపకున్న ఊగుతాంది. మధ్యల నీళ్ల తొట్టి, నీళ్లల్ల గులాబీలు. నన్ను జూసి కావలాయన లేచి నిలవడ్డడు, రాణిగారు వచ్చిండ్రని."

ఖుష్ మహల్‌ను బాపు ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. డబ్బాలోంచి ఒక ముద్ద తీసుకున్నాడు. తర్వాత, "అవునా? నేను చూసినప్పుడు ఆ ఉయ్యాల లేకుండె" అన్నాడు. ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. "ఇంత సేపు ఒక్కదానివి ఎట్ల కూసున్నవే, అన్ని ఊర్లల్ల? నాకు జరసేపటికే పానం కొట్టుకున్నది."

"పూలు చూసుకుంట కూసున్న. మీరు వస్తరు గదా అని."

అప్పుడు బాపు ఏడ్చాడు, తువ్వాల అడ్డం పెట్టుకోకుండా ఏడ్చాడు. అమ్మ ఆయన వీపు నిమురుతూ పులిహోరలో ఉప్పు సరిపోయిందా అని అడుగుతూ ఉంది. ఆ ఎండాకాలం రాకముందే ఆమె పోయింది.

తర్వాత చాలా కాలం బాపు గడప దాటలేదు. ఎవరు పిలిచినా పోడు, టీవీ పెట్టడు. తిట్టాను, అలిగాను, అన్నం మానేస్తానన్నాను. మొన్నొక రోజు తనే ఫోన్ చేసి, "కిలాకు పోదామా?" అన్నాడు. నేను పరుగున వెళ్ళేసరికి సంచీ దుప్పటీ పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

బంతి మడులు ఎండిపోయి ఉన్నాయి, గడ్డికి పైపుతో నీళ్ళు పెడుతున్నారు. బాపు తడవని చోటు చూసి దుప్పటి పరిచాడు. లోపలికి రమ్మన్నాను. "నేనీడ ఉంట. నువ్వు చూసి రా" అన్నాడు.

వెళ్ళాను. అవే కమానులు, అదే ఎండిన తొట్టి. అమ్మ కూర్చున్న చోట కూర్చుని, ముఖం సర్దుకునేదాకా ఆగి బయటికి వచ్చాను. బాపు సంచి ఒళ్ళో పెట్టుకుని ద్వారం వైపే చూస్తున్నాడు.

"ఉయ్యాల ఉన్నదా?"

చిన్నప్పుడు లేదు లేదని కొట్లాడిన నోరిది.

"ఉంది బాపూ."

"ఊగుతాందా?"

"ఊగుతాంది."

తల ఊపాడు. ఇక పోదామని నేను సంచి అందుకోబోతే ఇవ్వలేదు.

"జర సేపు కూసుందాం తియ్, బిడ్డా. బండికి ఇంక టైమున్నది."

మేము ఎక్కాల్సిన బండి ఏదీ లేదు. నేను చెప్పులు విడిచి ఆయన పక్కన దుప్పటి మీద కూర్చున్నాను.