వెనక గుంపు గెలుపు

ఇప్పుడంటే మోకాళ్లను బతిమాలుకుని మెట్లెక్కుతున్నాను గానీ, వనపర్తిలో డిగ్రీ ముగించి హైదరాబాదులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నా కాళ్లకు బలం తిండి వల్ల వచ్చింది కాదు, కుళ్లు వల్ల వచ్చింది. ఆ కుళ్లుకు కారణం మా చిన్నమ్మ కూతురు. పెద్దమందడి పిల్ల, నాకన్నా కొన్ని నెలలే చిన్న, నాతోపాటే హాస్టల్లో ఉండేది. ఇంట్లో అందరికీ అది 'బంగారి'. నేనేమో 'లాయరమ్మ' (ఎందుకో మీకే తెలుస్తుంది). జొన్నరొట్టె గుండ్రంగా వచ్చేది దానికే, పెళ్లిళ్లలో చుట్టాలు పక్కన కూర్చోబెట్టుకునేదీ దాన్నే.

ఆ ఏడు ఇద్దరం నగరంలో జరిగే పెద్ద మారథాన్‌కు పేర్లిచ్చాం, పది కిలోమీటర్ల పరుగుకు. ఈసారైనా దాన్ని ఓడించి అమ్మ నోట ఒక్క మెచ్చుకోలు వినాలని నా పంతం. తీరా చూస్తే, అది అంతకుముందు ఎక్కడో పరిగెత్తిందని మొదటి గుంపులో వేశారు, నన్ను చివరి గుంపులో. అందరినీ ఒకేసారి వదిలితే తొక్కిసలాట అవుతుందని విడతలుగా వదులుతారట. వదలనీ! కానీ ముందు గుంపుకు బ్యాండు మేళం, జెండా ఊపే పెద్దమనిషి, కెమెరాలు. మాకు మరుగుదొడ్ల పక్కన అడ్డంగా ఒక తాడు. ఆ తాడు పట్టుకున్న అమ్మాయితో తగవు పెట్టుకున్నాను.

"ఒక్కటే రోడ్డాయె. ఆమె ముందు పోతే నేనెట్ల గెలుస్త?"

"మీరు గీత దాటినప్పటి నుంచే మీ టైం లెక్క, మేడమ్. మీ నంబరు వెనక చిప్పుంది."

"చిప్పు సంగతి తర్వాత. జర తాడు ఇడువు!"

విడవలేదు. వదిలాక మాత్రం నేను ఆగలేదు. ఆయాసపడుతూ చివరికి చేరేసరికి బంగారి మెళ్లో పతకంతో, చేతిలో అరటిపండుతో ఫోటోలు దిగుతోంది. ఆ ఫోటో నా కబురుకన్నా ముందే వనపర్తి చేరింది. హాస్టల్‌కు వచ్చాక నా ఫోనుకు ఫలితం వచ్చింది: గీత నుంచి గీతకు దానికన్నా నేనే తక్కువ సేపట్లో పరిగెత్తాను. వెంటనే అమ్మకు ఫోన్ చేసి, గెలిచింది నేనేనని చెప్పాను.

"ఎన్కొచ్చి గెల్సుడేందే?"

"అమ్మా, కొత్తకోటల ఒక బస్సు ముందెల్లింది, ఇంకోటి ఎన్క ఎల్లిందనుకో. ఎన్క బస్సు జల్ది ఉరికితే ఏది జోరుగ పోయినట్టు?"

"ముందుగాల్ల దిగినోళ్లు ఇంట్ల కూసోని అన్నం తింటుంటరు గద! దాన్ని చూస్తే నీకు ఓర్వదు బిడ్డా."

ఇక బంగారితోనే తేల్చుకుందామని, చేయాల్సిన వాదనలన్నీ కూడగట్టుకుని, ఫోను దాని ముఖం ముందు పెట్టాను. చూసింది. "అవునక్కా, నువ్వే గెల్సినవ్. నేను నడుమ నడిసిన. గంత జోరుగ ఎట్ల ఉరికినవక్కా?" అంటూ నా పిక్కలకు నొప్పుల మందు రాయసాగింది. (ఒక్క మాటైనా ఎదురు చెప్పొద్దా?) పైగా తనే అమ్మకు ఫోన్ కలిపింది. "పెద్దమ్మా, అక్కనే గెల్సింది."

"గట్లనా? నువ్వు చెప్తున్నవంటే నిజమే. ఎంత మంచి మనసే నీది, బంగారీ!"

గెలిచింది నేను, మెప్పు దానికి! ఓడిపోవడం కూడా నాకన్నా బాగా వచ్చిన మనిషిని ఏం చేయగలం? ఆ కుళ్లు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. కానీ చెల్లెలి చేత కాళ్లకు మందు రాయించుకుంటూ, దాని మీదే మూతి ముడుచుకుని కూర్చున్న ఆనాటి లాయరమ్మ గుర్తొస్తే మాత్రం నవ్వాగదు.