ఎడమ వెనక టైరు

ఆ కారు నా చేతికి వచ్చేనాటికే పాతది. దానికి ఏ జబ్బు చేసినా నేనే విప్పాను, నేనే బిగించాను. ఎవరూ నేర్పలేదు, చెడగొట్టి నేర్చుకున్నాను. ఇప్పుడు నా భార్యకు కిడ్నీలు పనిచేయవు. డయాలసిస్‌కు మా వంతు వికారాబాదులో దొరికింది. తాండూరు నుంచి ఆ కారులోనే తీసుకెళ్తాను. తిరుగు దారిలో ఆమె కూర్చోలేదు, వెనక సీట్లో పడుకోవాలి. ఒకసారి బస్సులో తెస్తే కళ్లు తిరిగి పడిపోయింది.

వానలు వెనకపట్టాక ఎడమ వెనక టైరు అరగడం మొదలైంది. బయటికి కొత్తదే. లోపలి అంచుకు చెయ్యి పోనిస్తే మాత్రం గుండులా నున్నగా తగిలింది. వికారాబాదులో అలైన్‌మెంట్ చేసేవాడి దగ్గరికి పోయాను. వాడు ముందు చక్రాలకు ఏవో తగిలించి, తెర మీద పచ్చగీతలు చూపించాడు.

“అంత ఓకే కాకా.”

“అరిగింది ఎనకది. నువ్వు ముంగటిది చూస్తివి.”

“ఈ బండికి ఎనక సెట్టింగే ఉండది. టైరు మార్సుకో, అయిపాయె.”

“అది గూడ అరిగితె?”

“అప్పుడు మల్ల రా.”

ఇదీ వాడి విద్య! అంత యంత్రం పెట్టుకున్నాడు, వంగి చూడటానికి నడుము లేదు. మా నాయన ఎడ్లబండి చక్రానికి తొడిగిన ఇనుప పట్టా ఒక అంచున అరిగితే, ఆయన పట్టాను తిట్టలేదు. కిందికి దూరి ఇరుసును చూశాడు.

వెనక టైర్లు రెండూ అటుదిటు మార్చి తిప్పాను. కుడి నుంచి వచ్చిన మంచి టైరు కూడా ఎడమ వైపు చేరాక లోపలే అరిగింది. అంటే తప్పు టైరుది కాదు. జాకీ మీద లేపి చక్రాన్ని ఊపాను, బేరింగు కదలలేదు. ఇక మిగిలింది ఇరుసే. వాకిట్లో సమంగా పరిచిన బండల మీద కారు నిలిపి, దారానికి బోల్టు కట్టి చక్రం పక్కన వేలాడదీశాను. కుడి వైపు పైనా కిందా ఒకటే సందు. ఎడమ వైపు పైన వేలు దూరింది, కింద దూరలేదు. చక్రం తల లోపలికి వాలిపోయింది. ఇరుసు వంగింది.

ఎట్లా వంగిందో కూడా అప్పుడే తెలిసింది. బంట్వారంలో ఇల్లు కట్టుకుంటున్న మా బామ్మర్ది వానల్లో కారు అడిగి తీసుకుపోయాడు. గుంతల్లో కారు ఎగరకుండా డిక్కీలో ఒక బండ వేసుకోవడం మా వైపు అలవాటు. ఈయన ఒకటితో ఆగలేదు. ఎట్లాగూ పోతున్నది కదా అని ఇంటి గచ్చుకు కావలసిన బండలన్నీ నింపాడు.

“అందరు ఏస్తరు గద బావ. బరువుంటె ఎగరది,” అన్నాడు ఫోన్లో.

“ఎగరలే. కూలబడ్డది.”

“నా తమ్మున్ని అనకు,” అంది లోపలి నుంచి నా భార్య. “గుంత తవ్వింది వాడా?”

అదీ నిజమే. మా నేలలో తవ్విన బండలు ఎక్కడెక్కడి ఇళ్లలోనో అద్దాల్లా మెరుస్తాయి. వాటిని మోసే లారీలు మాకు గుంతలు మిగిల్చి పోతాయి. ఎవరిని అడగను? అడిగీ అడిగీ ముసలివాణ్ణయ్యాను.

ఆ ఇరుసు ఇప్పుడు కొత్తది రాదు. పాతసామాను దుకాణంలో దొరికినదీ వంకరే. వెల్డింగు చేసేవాడు, “కాల్చి గుద్దితె సక్కగైతది” అన్నాడు. మా నాయన బండి ఇరుసును కమ్మరి అట్లాగే సరిచేశాడు. ఎద్దు నడకకు అది చాలు. కాల్చిన ఇరుసు పరుగులో విరిగితే? దాని మీదే కదా ఆమె పడుకునేది. వద్దన్నాను.

మొన్న తిరిగి వస్తూ ధారూర్ దాటాక ఆపి, టైరు లోపలికి చెయ్యి పెట్టాను. రబ్బరు అరిగి బయటపడ్డ ఉక్కు తీగలు గుచ్చుకున్నాయి.

“ఎట్లుంది?” అంది ఆమె, కళ్లు తెరవకుండానే.

“ఇంక ఉంది.”

“చెయ్యి చూపియ్.”

చూపించాను. నల్లటి పొడి, మధ్యలో రక్తం.

“మల్ల బస్సేనా?”

పోయి స్టెప్నీ దించాను. అదీ ఇంతకుముందు ఎడమ వైపు అరిగి తీసి పెట్టిందే. రెండింటినీ తడిమి చూసి, రెండూ నమ్మలేనివే అయినా, చేతికి తీగ తగలనిదాన్ని బిగించాను.